మంగళవారం చేయించుకున్న సంతకం

మేముండే బాతెల్ ఊళ్ళో, మా తెలుగువాళ్ళ మధ్య ఒక మాట నాలుగేళ్ళు తిరిగింది. నేనూ, మేమందరం అక్క అని పిలిచే ఒకావిడా కలిసి కమ్యూనిటీ కాలేజీలో నర్సింగ్ కోసం చదివామనీ, నాకు యూనివర్సిటీలో సీటు వచ్చిందనీ, ఆవిడ ఫెయిలయిందనీ. మొదటి రెండూ నిజం. మూడోది నిజం కాదు. కాదని నాకు మొదటినుంచీ తెలుసు. తెలిసి కూడా ఎన్నో ఇళ్ళలో, చేతిలో పులిహోర ప్లేటు పట్టుకుని, ఆ మాట వింటూ నిలబడ్డాను.

ఆ మాట విన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఎందుకలా చేశానో చెప్పగలనన్న నమ్మకం నాకు లేదు. ఏం జరిగిందో చెప్పగలను, అది కూడా కొన్నిచోట్ల మసకగానే.

2008 చలికాలంలో నా ఉద్యోగం పోయింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాణ్ణి. నలభై ఒకటో ఏడు నడుస్తోంది. గ్రీన్ కార్డ్ అప్పటికే వచ్చి ఉండబట్టి దేశం వదలాల్సిన అవసరం రాలేదు. నా భార్య ఉద్యోగం నిలిచింది. నాకు మాత్రం నాలుగు నెలలు తిరిగినా ఏదీ దొరకలేదు. నిరుద్యోగ భృతి ఆఫీసులో ఇచ్చిన కాగితంలో మళ్ళీ చదువుకోదగ్గ పనుల జాబితా ఒకటి ఉంది. అందులో కంప్యూటర్ అనే మాట లేని మొదటి వరస నర్సింగ్. తర్వాత అప్లికేషన్ వ్యాసంలో మా నాన్న జబ్బు గురించీ, ఆయనకు సేవ చేసిన నర్సు గురించీ రాశాను. అవేవీ అబద్ధాలు కావు గాని, నేను ఈ దారిలోకి రావడానికి కారణం అవి కావు. కారణం ఆ జాబితాయే.

కమ్యూనిటీ కాలేజీలో కౌన్సెలర్ దగ్గర అరగంట కూర్చుని బయటికి వచ్చేసరికి నాకు వెళ్ళేటప్పుడున్నపాటి స్పష్టత కూడా లేదు. ఇక్కడే రెండేళ్ళ నర్సింగ్ చదవవచ్చు. లేదా ఇక్కడ ముందు కావలసిన సబ్జెక్టులన్నీ పూర్తి చేసి, బ్యాచిలర్స్ డిగ్రీ కోసం యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ కావచ్చు. కాని ఒక్కొక్క యూనివర్సిటీకి ఒక్కొక్క జాబితా. ఒకరికి పనికొచ్చే కెమిస్ట్రీ ఇంకొకరికి పనికిరాదు. స్టాటిస్టిక్స్ లెక్కల డిపార్ట్‌మెంట్‌లో చదివితే చెల్లుతుంది, సైకాలజీ డిపార్ట్‌మెంట్‌లో చదివితే ఒక చోట చెల్లదు. సైన్స్ సబ్జెక్టులు ఏడేళ్ళు దాటితే పాతబడిపోతాయి, మళ్ళీ చదవాలి. నా ఇండియా ఇంజనీరింగ్ డిగ్రీ గురించి అడిగితే ఆయన మర్యాదగా నవ్వాడు.

కారిడార్‌లో నిలబడి ఇదంతా నా భార్యకు ఫోన్‌లో చెబుతున్నాను. పక్క బెంచీ మీద ఒళ్ళో కాగితాలు పెట్టుకుని ఒకావిడ కూర్చుని ఉంది. నేను ఫోన్ పెట్టేయగానే అంది:

"తెలుగోళ్ళా? మీకన్న సమజైందా, ఆయన చెప్పింది?"

"లేదండి."

"నాకు గూడ కాలే. మూడోసారి వచ్చుడు. పాండి, ఇద్దరం కూసొని సమజ్ కాకుంట ఉందాం."

అలా పరిచయం. నాకంటే మూడేళ్ళు పెద్ద. కరీంనగర్ వైపు. అక్కడ బీఎస్సీ చేసింది, పెళ్ళై ఇక్కడికి వచ్చింది. మామూలు ఇంట్లోనే ఆరుగురు ముసలివాళ్ళను ఉంచి చూసుకునే కేర్ హోమ్‌లో ఆరేళ్ళుగా పనిచేస్తోంది. స్నానాలు చేయించడం, పక్కలు మార్చడం, తినిపించడం. మధ్యలో 2004లో ఒకసారి ఇదే కాలేజీలో కెమిస్ట్రీ మొత్తం పూర్తి చేసి, ఇంటి పరిస్థితుల వల్ల ఆపేసిందట. ఇప్పుడు మళ్ళీ మొదలుపెడుతోంది. వారం తిరిగేసరికి నేను అక్కా అంటున్నాను, ఆవిడ నన్ను తమ్మీ అంటోంది.

నేను నర్సింగ్ చదువుతున్నానని ఎవరికీ చెప్పలేదు. నా భార్య సలహా అది. "ఎవరన్నా అడిగితే హెల్త్‌కేర్ అనండి. అబద్ధం కాదు కదా," అంది. హెల్త్‌కేర్ అంటే వినేవాళ్ళు దాని వెనక ఐటీ అని వాళ్ళే చేర్చుకునేవారు, నేను తల ఊపేవాణ్ణి. అక్కకు ఇది తెలుసు. ఒకసారి ఒక పుట్టినరోజు పార్టీలో నలుగురి ముందు నన్నెవరో, "ఏ మాడ్యూల్ చేస్తున్నారు?" అని అడిగారు. నేను నీళ్ళు నములుతుంటే అక్క పక్కనుంచి, "ఆయన మాడ్యూల్ ఆయనకే తెల్వదు, ముందు తిననియ్యుండ్రి," అని నా ప్లేటులో ఇంకో బజ్జీ వేసింది. తర్వాత కూడా దాని గురించి నన్ను ఏడిపించలేదు.

అనాటమీ ల్యాబ్‌లో పిల్లిని కోయాలి. మందులో నానబెట్టిన పిల్లి, ప్లాస్టిక్ సంచిలో వస్తుంది. ఇద్దరికి ఒకటి. నేను గుడ్డు కూడా తినని ఇంట్లో పుట్టినవాణ్ణి. మొదటి రోజు సంచి విప్పగానే వాసనకు బయటికి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి అక్క చేతికి గ్లవ్స్ తొడుక్కుని, దాని వెనకకాలు పట్టుకుని, తాపీగా తోలు ఒలుస్తోంది.

"ఇట్ల రా తమ్మీ. ముక్కుకింద గిది రాస్కో." విక్స్ డబ్బా నా చేతిలో పెట్టింది. "కోడిని చేసిన చెయ్యి నాది. నేను కోస్త, నువ్వు రాయి. నీ ఇంగ్లీష్ మంచిగుంటది."

ఆ క్వార్టర్ మూడు నెలలూ అలాగే జరిగింది. ఆవిడ కోసింది, నేను పేర్లు రాశాను. ఇద్దరూ సగం సగం కోయాలన్నది రూలు. టీచర్ మా బల్ల దగ్గరికి వచ్చినప్పుడు ఆవిడ కత్తెర నా చేతికిచ్చి, మోచేత్తో నా మోచేతిని ముందుకు నెట్టేది. కండరం ఏదో, దాన్ని ఎముకకు కలిపే నరంలాంటి తెల్లటి తాడు ఏదో నాకు చూపించింది ఆవిడే. ఎముకల పెట్టెను లైబ్రరీలో రెండు గంటలకు అప్పిచ్చేవారు. ఆ రెండు గంటలూ మణికట్టు ఎముకల పేర్లు నేను చదివితే, ఆవిడ తన చేతిమీద ఒక్కొక్కటీ నొక్కి చూసుకునేది. "పొద్దుగాల ముసలామెకు చెయ్యి కడుగుతుంటె గిది దొరికింది," అనేది. ఆ ల్యాబ్‌లో నాకొచ్చిన మార్కుల్లో ఎన్ని నావో నాకిప్పటికీ తెలియదు.

2011 మొదట్లో ఇద్దరం యూనివర్సిటీకి అప్లై చేయాలి. దానికి ముందు యూనివర్సిటీవాళ్ళు ఒక శనివారం ఇన్‌ఫర్మేషన్ సెషన్ పెట్టారు. అక్కకు ఆ రోజు డ్యూటీ. కేర్ హోమ్‌లో ఇంకెవరూ లేరు.

"నువ్వు పోతున్నవ్ గదా తమ్మీ. అన్నీ రాస్కో. మల్ల నాకు చెప్పు."

"సరే అక్కా," అన్నాను. అప్పుడు మాత్రం చెప్పాలనే అన్నాను.

హాలు నిండిపోయింది. గోడల వెంట నిలబడ్డవాళ్ళున్నారు. అందరూ నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాళ్ళలా కనిపించారు. ట్రాన్స్‌ఫర్ అయ్యేవాళ్ళకు సీట్లు చాలా తక్కువని చెప్పారు. ఆ తర్వాత ఒక పసుపు రంగు కాగితం పంచారు. రోగులతోనో ముసలివాళ్ళతోనో పనిచేసిన గంటలు ఇంతకుముందు అప్లికేషన్‌లో రాస్తే సరిపోయేది. ఈసారి నుంచి వేరే ఫారం మీద, మన పైవాళ్ళ సంతకంతో, అప్లికేషన్‌తోపాటు అందాలి. లేకపోతే అప్లికేషన్ అసంపూర్తి కింద పక్కన పెడతారు, చదవరు. వెబ్‌సైట్‌లో ఇంకా మార్చలేదు, త్వరలో మారుస్తామని కూడా అన్నారు.

కారులో కూర్చుని ఆ హాలులో చూసిన తలలన్నీ లెక్కపెట్టుకుంటూ ఇంటికి వచ్చాను. నా భార్య ఎలా జరిగిందని అడిగి, "అప్లై చేస్తున్నట్టు ఎవరికీ చెప్పకండి. అయ్యాక చెప్పుకోవచ్చు," అంది. మనలో ఈ అలవాటు ఎవరికి లేదు? వీసా ఇంటర్వ్యూ అయినా, ఇల్లు కొనడమైనా, కడుపుతో ఉండటమైనా, పని గట్టెక్కేదాకా నోరు విప్పం. దిష్టి అంటాం. నమ్మినా నమ్మకపోయినా మానం. నా భార్య అక్కను ఉద్దేశించి అనలేదు. అక్క సంగతి ఆమెకు గుర్తుందో లేదో కూడా తెలియదు.

సోమవారం కాలేజీ కెఫెటేరియాలో అక్క అడిగింది.

"ఏం చెప్పిన్రు?"

"అంతా వెబ్‌సైట్‌లో ఉన్నదే అక్కా. కొత్తగా ఏం లేదు."

"మంచిగైంది. నేను రాలేదని రాత్రంత గుబులైంది." టిఫిన్ డబ్బా మూత తీసి, సగం చపాతీలు నా వైపు తోసింది.

ఆ మాట నా నోటినుంచి ఎలా వచ్చిందో ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు వెనక్కి వెళ్ళి చూశాను. కొన్నిసార్లు, దిష్టి అలవాటే నోరు కట్టేసిందనిపిస్తుంది. కొన్నిసార్లు, ముందు నాది పంపించేసి తర్వాత చెబుదాం, గడువుకు ఇంకా పదిరోజులుంది కదా అనుకున్నట్టు గుర్తు. కొన్నిసార్లు అసలు ఆ కాగితం అంత ముఖ్యమని నాకే అర్థం కాలేదని నమ్మించుకుంటాను. ఆ రోజుల్లో నాకు ఏ కాగితం సంగతీ సరిగ్గా అర్థం కాలేదన్నది నిజమే.

కాని మర్నాడు, మంగళవారం, నేను వీల్‌చైర్లు తోసే వాలంటీరు పని చేస్తున్న ఆసుపత్రికి వెళ్ళి, ఆ పసుపు కాగితంలో చెప్పిన ఫారం మీద సంతకం చేయించుకున్నాను. ఆ రోజు నాకు అక్కడ డ్యూటీ లేదు. దాని కోసమే బస్సెక్కి వెళ్ళాను. మిగతాదంతా ఎంత మసకగా ఉన్నా ఈ ఒక్కటి మసకగా లేదు.

పది రోజులు గడిచాయి. అక్కను రోజూ కలిశాను. రెండుసార్లు చెప్పబోయాను. చెబితే సోమవారం ఎందుకు చెప్పలేదని అడుగుతుందని ఆగాను. ఆగినకొద్దీ అడగబోయే ప్రశ్న పెద్దదవుతూ వచ్చింది. ఆఖరి రోజు ఆవిడ కవరు నా ముందే పోస్టాఫీసులో ఇచ్చింది. ఇచ్చి, కవరుకు దండం పెట్టుకుని నవ్వింది. "ఎవ్వరికి చెప్పలే తమ్మీ. మా బిడ్డకొక్కదానికే చెప్పిన," అంది.

రెండు నెలల తర్వాత నాకు సీటు వచ్చిందని ఉత్తరం వచ్చింది. అదే వారం అక్క తన ఉత్తరం తీసుకుని మా ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నా చేతికిచ్చింది.

"అసంపూర్తి అంటున్నరు. ఏది తక్కువైందో రాయలే. నేను అన్ని పెట్టిన గదా. నువ్వే చూసినవ్."

ఉత్తరం మూడు వరసలు. అసంపూర్తిగా ఉన్నందువల్ల పరిశీలించలేకపోయాం, వివరాలకు ఆఫీసుకు ఫోన్ చేయవచ్చు అని.

"ఫోన్ చేద్దునా?" అంది అక్క. "నువ్వు మాట్లాడినా సరే."

"ఫోన్ చేసి ఏం లాభం అక్కా? కాంపిటిషన్ ఎక్కువ. రానివాళ్ళందరికీ ఇలాగే ఏదో ఒకటి రాస్తారు."

మొదటిసారి అన్నది ఎందుకన్నానో నాకు తెలియదంటే నమ్మినా నమ్మకపోయినా ఫర్వాలేదు. ఈ రెండోది మాత్రం తెలిసే అన్నాను. ఫోన్ చేస్తే ఆ ఫారం సంగతి శనివారం సెషన్‌లో చెప్పామంటారు. అందుకని అన్నాను.

అక్క ఆ ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ చూసింది. "నా వ్యాసం ఇంగ్లీష్ చూసి గిట్ల రాసిన్రేమో," అంది. నేను చెప్పులు విప్పి లోపలికి రమ్మన్నాను. "సరే. నీకు వచ్చింది గదా. సంతోషం," అని, నా భార్యను పిలిచి, చక్కెర అడిగి, మా ఇద్దరి నోట్లో వేసి వెళ్ళింది.

మరుసటి ఏడు మళ్ళీ అప్లై చేయవచ్చు. కాని అప్పటికి ఆవిడ కెమిస్ట్రీకి ఏడేళ్ళు దాటుతాయి. "మల్ల మొదటికెల్లి కెమిస్ట్రీ నాతోని కాదు తమ్మీ," అంది. కేర్ హోమ్‌లోనే ఉండిపోయింది.

పని అయిపోయింది కాబట్టి ఇక చెప్పుకోవచ్చు. మా ఇంట్లో అందరినీ పిలిచి భోజనాలు పెట్టాం. నలభై మూడేళ్ళకు మళ్ళీ చదువా అని అందరూ నన్ను మెచ్చుకున్నారు. అక్క సంగతి ఎలా బయటపడిందో తెలియదు. ఆవిడ కూతురు, అప్పటికి పద్నాలుగేళ్ళు, స్నేహితురాళ్ళతో అనుంటుంది. "పాపం, ఆవిడా రాసిందటగా. ఇంగ్లీష్ రాకపోతే ఎట్లా? ఫెయిలయిందట," అని ఒకాయన అన్నాడు. నలుగురు అయ్యో అన్నారు. అక్క వంటింట్లో మా ఆవిడకు గిన్నెలు సర్దిపెడుతోంది. వినిపించేంత దూరంలోనే ఉంది. నేను పెరుగు వడ్డిస్తున్నాను. వడ్డిస్తూనే ఉన్నాను.

తర్వాత నేను డిగ్రీ పూర్తి చేశాను, ఆసుపత్రిలో చేరాను. మొదటి ఏడాది ఒక ముసలాయనను పక్క మీద ఒత్తిగిలించడం చేతకాక నిలబడితే, ఒక నర్సింగ్ అసిస్టెంట్ వచ్చి భుజం కింద చెయ్యి పెట్టి ఒక్క కదలికతో తిప్పింది. ఈ పని కాలేజీలో చేరకముందే వచ్చినావిడ ఒకరు నాకు తెలుసు.

చివరికి నేను నిజం చెప్పడానికి కారణమైంది అక్క కూతురే. నిరుడు, 2014 చివర్లో, కాలేజీలకు అప్లై చేసే రోజుల్లో నాకు ఫోన్ చేసింది.

"అంకుల్, ఐ నీడ్ యువర్ అడ్వైస్. నర్సింగ్ చెయ్యాలని ఉంది. బట్ అమ్మకి అది టూ హార్డ్ అయింది కదా. అమ్మ చాలా స్మార్ట్. ఆమెకే రాలేదు అంటే నాకు ఎట్లా వస్తది? సో, డ్రాప్ చేస్తున్నా."

"అమ్మ ఏమంటోంది?"

"మన ఇంట్ల అది అచ్చిరాదు అన్నది."

నేను ఏదో చెప్పి పెట్టేశాను. ఏం చెప్పానో గుర్తు లేదు. శనివారం అనాటమీ ఫైలు వెతికి, అందులోంచి పసుపు కాగితం తీసి, అక్క ఇంటికి డ్రైవ్ చేశాను. నాలుగేళ్ళుగా ఆ కాగితాన్ని పారేయలేదు.

అక్క వంటింటి బల్ల దగ్గర చిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. కూర్చోమంది. కూర్చోకుండా, ఆ కాగితం చేతిలో పట్టుకునే చెప్పాను. సెషన్, ఫారం, కెఫెటేరియా, ఫోన్ వద్దన్నది. వరస తప్పింది, మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఆవిడ చేతులు మధ్యలో ఆగాయి.

"నేను అడిగింది ఏ రోజు?"

"సోమవారం."

"నీ ఫారం మీద సంతకం ఎప్పుడు జేయించినవ్?"

"మంగళవారం."

తల ఊపింది. ఒక చిక్కుడుకాయ ఈనె తీసి గిన్నెలో వేసింది. ఇంకొకటి తీసింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది, అది ఆవిడకు తెలుసో లేదో.

"పిల్లిని నేను కోసిన," అంది. ఇంకో కాయ అందుకుంది.

అది గిన్నెలో వేసి, "నాకు చెప్పి ఏం జేస్తవ్? నేను ఇప్పుడు పోయి చదువుతనా? పైన ఉన్నది మా బిడ్డ. దానికి చెప్పు. నా ముందల చెప్పు," అని కూతుర్ని పిలిచింది.

ఆ పిల్ల మెట్లమీదే కూర్చుంది. నేను మళ్ళీ చెప్పాను. ఆ పిల్ల తెలుగుకూ నా ఇంగ్లీష్‌కూ మధ్య ఎక్కడో తడబడుతూ చెప్పాను.

"వెయిట్," అంది. "సో అమ్మ ఫెయిల్ అవ్వలేదు?"

"లేదమ్మా. వాళ్ళు అమ్మ అప్లికేషన్ తెరిచి చదవనే లేదు."

"మీరు ఎందుకు అట్లా చేశారు, అంకుల్?"

"తెలియదమ్మా."

"అది ఆన్సర్ కాదు."

"కాదు," అన్నాను.

ఆ పిల్ల నా వైపు చూడటం మానేసి, కిందికి వచ్చి తల్లి పక్కన నిలబడింది. అక్క చేతులు కొంగుకు తుడుచుకుని, "ఏదీ, ఆ కాగితం ఇటియ్యి," అంది.

కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క వరస కింద వేలు జరుపుకుంటూ మొత్తం చదివింది. తొందరపడలేదు. నేను నిలబడే ఉన్నాను. కింద కనీసం చేసి ఉండాల్సిన గంటల లెక్క ఉన్న వరస దగ్గర వేలు ఆగింది. మళ్ళీ చదివింది.

"వంద గంటలేనా?" అంది. నన్ను కాదు, కూతుర్ని చూసి అంది. "నాకు గది ఒక్క నెల పని."

కూతురు తల్లి భుజం మీదుగా వంగి ఆ వరస చదివింది. అక్క కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, నాకు తిరిగి ఇవ్వకుండా, చిక్కుళ్ళ గిన్నె కింద పెట్టింది. "ఫెయిలయిందని అన్నోళ్ళు మస్తు మంది ఉన్నరు తమ్మీ," అంది. "వాళ్ళకు గూడ నువ్వే చెప్పుకో. నేను ఇల్లిల్లు తిరగలేను."

అందుకే ఇది.